కొంగున దొడ్డుప్పు

మా అత్త, అంటే నా భార్య తల్లి, చనిపోయిన మూడో రోజు గద్వాల ఊరి బయట, కాకి వచ్చి ముట్టాలని, పిట్టకు పెట్టాం. విస్తరాకులో జొన్నరొట్టె, పుంటికూర పప్పు, కోసిన ఉల్లిగడ్డ, పక్కన మట్టి ముంతలో మజ్జిగ. అన్నీ ఆమె ఇష్టంగా తిన్నవే. ఆకు తీసుకెళ్ళి రాయి మీద పెట్టింది నేను. మజ్జిగ కలిపిందీ నేనే.

కాకులు వచ్చాయి. కొంచెం దూరంలో వాలి, తల పక్కకు తిప్పి ఒక కంటితో ఆకును చూశాయి. మళ్ళీ ఇంకో కంటితో చూశాయి. ముట్టలేదు. ఎండ ఎక్కుతోంది. ఆడవాళ్ళు కొంగులు నెత్తిన కప్పుకున్నారు. ఏదో కోరిక మిగిలిపోయిందని ఒకరు, మగ్గం మీద సగం నేసిన చీర ఉందని, దాని మీదే ప్రాణమని ఇంకొకరు గొణిగారు. చీర పూర్తి చేయిస్తామని కాకులకు మొక్కి మరీ చెప్పారు. అవి కదల్లేదు.

అప్పుడు ఆమె పక్కింటి మగ్గం మీద నలభై ఏళ్ళు కూర్చున్న ముసలాయన, చేతికర్ర మీద గడ్డం ఆనించి, నెమ్మదిగా అన్నాడు.

"కోరిక గాదు, ఏం గాదు. అనుమానం. ఎవలు పెట్టిన్రో అడుగుతున్నది."

అంత దుఃఖంలోనూ అందరూ నవ్వారు. నా భార్య కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆయన సరదాకే అన్నాడు. కానీ అక్కడ నిలబడిన వాళ్ళలో, మా అత్త నా చేతి తిండిని అనుమానించడానికి సరైన కారణం ఉందని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను.

*

ఆమె ఎవరినీ నమ్మేది కాదు. నూలు కండె చేతికి రాగానే పోగు తీసి పళ్ళ మధ్య పెట్టి లాగి చూసేది. పట్టు పోగైతే చెంపకు రాసుకునేది. అంగడిలో కూరగాయలు తూచేటప్పుడు తక్కెడను కాదు, తూచేవాడి మోచేతిని చూసేది. బస్సు ఎక్కేముందు ఎక్కడికి పోతుందని కండక్టర్‌ని అడిగేది. ఎక్కాక పక్కన కూర్చున్నామెను అడిగేది. బస్సు కదిలాక, ఇద్దరూ కలిసి అబద్ధం చెప్పి ఉంటారేమోనని, ముందు సీట్లోవాళ్ళను వేరే రకంగా అడిగేది.

ఏం చెప్పినా ఆమె జవాబు ఒకటే: "గట్లనా?" ఆ మాటను సాగదీసి, చివర కొంచెం పైకి లేపి అనేది. 'నువ్వు చెప్పింది విన్నాను, నమ్మలేదు' అని దానర్థం. మాకు కొడుకు పుట్టాడని ఫోన్ చేసి చెబితే కూడా గట్లనా అంది. ఆ సాయంత్రమే వచ్చి, పిల్లవాణ్ణి పొత్తిగుడ్డ విప్పి చూసుకొని, అప్పుడు ఏడ్చింది.

అల్లుడితో ఎదురుగా మాట్లాడటం ఆమె అలవాటు కాదు. నాతో చెప్పాల్సింది కూతురికి చెప్పేది. కూతురు లేకపోతే మగ్గానికి చెప్పేది. "ఆపీసు సారు అన్నం తిన్నడా, ఇంకా టయిం కాలేదా?" అని మగ్గం గుంతలో కూర్చొని పోగులను అడిగేది. నేను గుమ్మంలో నిలబడి జవాబిచ్చేవాణ్ణి. మొదట్లో వింతగా ఉండేది. తర్వాత ఆ మగ్గాన్ని కూడా ఇంట్లో ఒక మనిషిగానే లెక్కేశాను.

నేను నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమస్తాను. నా భార్య అక్కడే ఒక చిన్న బడిలో పాఠాలు చెప్పేది. పిల్లలు చిన్నవాళ్ళు. మామ పోయాక మా అత్త గద్వాలలో ఒంటరిగా ఉండి చీరలు నేసేది. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేసే పని. రెండు రకాల పోగులు కలిసే చోట ప్రతి వరుసలోనూ చేత్తో మెలిక వేయాలి. వంగి చూస్తే తప్ప కుదరదు. ఆమె పొట్టను, నేసిన బట్ట చుట్టుకునే అడ్డకర్రకు ఆనించి, దాదాపు మగ్గం మీద పడుకున్నట్టే వంగేది.

మగ్గం వదిలేసి మా ఇంటికి రమ్మని నేను పట్టుబట్టాను. ఈ వయసులో ఎందుకు కష్టమన్నాను. ఒంటరిగా ఉంటే మాకు దిగులన్నాను. అసలు కారణం వేరు. మేమిద్దరం పనికి పోతే పిల్లలను చూసుకోవడానికి ఇంట్లో మనిషి కావాలి. ఆ సంగతి నేను నా భార్యకు కూడా నోరు తెరిచి చెప్పలేదు. మా అత్త మాత్రం మొదటి రోజే మగ్గంతో అన్నది.

"సారుకు అత్త గాదే కావల్సింది. ఆయా."

*

మా ఇంటికి రమ్మన్న మాట ఎత్తినప్పుడల్లా ఆమెకు ఏదో అయ్యేది. నేను గుమ్మంలో నిలబడి చెబుతుంటే ఆమె తల వంచుకొని పోగులు సరిచేసుకుంటూ ఉండేది. ఉన్నట్టుండి ముఖం పిండిలా తెల్లబడేది. నుదుటి మీద, పై పెదవి మీద చెమట పూసలు. రవిక వీపంతా తడిసిపోయేది. తల పగిలిపోతోందని రెండు చేతులతో పట్టుకునేది.

"గుండెల ఎవలో నాడె కొడుతున్నరు," అనేది. నాడె అంటే పోగు మోస్తూ మగ్గంలో అటూ ఇటూ ఉరికేది.

స్టవ్ మీద చాయ్ మరిగేంత సేపు. అంతే. తర్వాత రంగు తిరిగి వచ్చేది. లేచి కూర్చొని నీళ్ళు తాగేది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయేసరికి నాడి మామూలు, బీపీ మామూలు. గ్యాస్ అన్నారు, రక్తం తక్కువ అన్నారు, భయం అన్నారు. వీధిలో ఆడవాళ్ళు గాలి సోకిందన్నారు. నేను నాటకం అన్నాను.

అత్త ముందు కాదు, నా భార్యతో అన్నాను. "ఇంటికి రమ్మంటేనే వస్తుంది ఆ జబ్బు. ఎవరూ లేనప్పుడు రాదు. ఎప్పుడైనా చూశావా?" నా భార్య తల్లి కోసం ఏడ్చింది. నేను ఊరుకోలేదు. రుజువు చెయ్యాలనుకున్నాను. ఒక ఆదివారం గద్వాల వెళ్ళి, ఆమె మగ్గం ఎక్కేదాకా ఆగి, కావాలనే ఆ మాట ఎత్తాను. ఆమె వంగింది. కొంచెం సేపటికి ముఖం తెల్లబడింది. నా భార్య నీళ్ళ కోసం ఉరికింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. నా మాట నిజమైందన్న సంతోషం నాలో కలిగింది. ఒక మనిషి ఎదురుగా చెమటలో తడుస్తూ ఊపిరి కోసం వెతుక్కుంటుంటే నాకు కలిగింది ఆ సంతోషం. అది దాచుకొని ఈ వ్యాసం రాయడం కుదరదు.

ఆమె ఆ చెమటల్లోనే కళ్ళెత్తి నన్ను చూసింది. పరీక్ష పెట్టానని ఆమెకు తెలిసిపోయిందనిపించింది.

*

గోపాల్‌పేటలో బంధువుల పెళ్ళి జరిగింది. వంటల దగ్గర ఆమె పెద్ద గుండిగను జరపడానికి వంగి, అట్లాగే కూలబడింది. నేను అక్కడ లేను, పందిట్లో ఉన్నాను. ఎవరూ ఆమెను ఎక్కడికీ రమ్మనలేదు. నా భార్య ఈసారి నా కోసం చూడకుండా జీపు మాట్లాడుకొని వనపర్తి తీసుకుపోయింది. నేను వెనక మోటారు సైకిల్ మీద వెళ్ళాను. దారిలో మళ్ళీ ఒకసారి వచ్చిందట. డాక్టరు దగ్గరికి చేరేసరికి ఇంకా తగ్గలేదు. బీపీ చూసిన యంత్రాన్ని అక్కడి డాక్టరమ్మ పక్కన పెట్టి ఇంకొకటి తెప్పించింది. అందులోనూ అంతే ఉంది. అంత ఎక్కువ బీపీతో మనిషి నిలబడలేడు.

చిన్న వయసు డాక్టరమ్మ. కుదుట పడ్డాక ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎప్పుడు వస్తుందని అడిగింది. నేను నవ్వుతూ, "నేను మాట్లాడినప్పుడు వస్తుందమ్మా," అన్నాను. ఆమె నవ్వలేదు.

"మీరు మాట్లాడేటప్పుడు ఈమె ఏం చేస్తుంటది?"

మగ్గం నేస్తుంటుందన్నాను. ఎట్లా కూర్చుంటుందని అడిగింది. నాకు తెలియదు. ఎప్పుడూ గుమ్మంలో నిలబడి మాట్లాడినవాణ్ణి, ఆమె ఎట్లా కూర్చుంటుందో పట్టించుకోలేదు. నా భార్య కుర్చీ అంచున కూర్చొని, బల్లకు పొట్ట ఆనించి, వంగి చూపించింది. మగ్గం మీద ఒక్కతే ఉన్నప్పుడు వస్తుందా అని డాక్టరమ్మ అత్తనే అడిగింది.

"వస్తది. ఒక్కదాన్నే ఉంటే ఎవలకు చెప్త?" అంది మా అత్త. "మగ్గానికి చెప్త."

నేను చెబుతున్నప్పుడల్లా నా ముఖం చూడటం ఇష్టం లేక ఆమె ఇంకా కిందికి వంగేదన్నమాట. అంతకు మించి నా మాటలకూ ఆ జబ్బుకూ సంబంధం లేదు. నేను ఇన్నాళ్ళు కట్టుకున్న రుజువంతా ఆ ఒక్క ప్రశ్నకు కూలిపోయింది.

డాక్టరమ్మ పొట్ట మీద చెయ్యి దాకా తెచ్చి ఆపేసింది. "నొక్కను. నాకొక అనుమానం ఉంది. అది నిజమైతే నొక్కొద్దు," అంది. మా అత్త తల తిప్పి ఆమెను మొదటిసారి బాగా చూసింది. అనుమానం అన్న మాట ఆమెకు నచ్చింది.

ఒక రోజంతా వచ్చిన మూత్రాన్ని డబ్బాలో పట్టి పరీక్షకు పంపాలన్నారు. ఆ రోజు మా అత్త డబ్బాను మగ్గం పక్కన పెట్టుకొని కాపలా కాసింది. మా పిల్లలను కూడా దగ్గరికి రానివ్వలేదు. పరీక్ష చేసే అతనికి ఇస్తూ, వేరేవాళ్ళ దాంతో కలిపేస్తావా అని మూడు రకాలుగా అడిగింది. అతను పేరు రాసిన చీటీ అతికిస్తుంటే, చీటీ ఊడిపోతే ఏం చేస్తావంది. చివరికి డబ్బా మెడకు ఎర్ర పట్టు పోగు కట్టి, తెగిన పోగుకు వేసే ముడి వేసింది. "ఈ ముడి నేనే ఎయ్యగల్గుత. మారిస్తే తెలుస్తది," అంది. అతను దండం పెట్టాడు.

*

ఆ పరీక్ష, తర్వాత హైదరాబాద్‌లో తీసిన స్కాన్, డాక్టరమ్మ అనుమానాన్ని నిజం చేశాయి. కుడి కిడ్నీ మీద టోపీలా కూర్చొని ఉండే చిన్న గ్రంథిలో నిమ్మకాయంత గడ్డ. ఇట్లాంటి గ్రంథుల ఆపరేషన్లే చేసే సర్జన్ దగ్గరికి పంపారు. ఆయన మాకు ఓపిగ్గా చెప్పాడు. పాము కనిపిస్తే మనిషి గుండె ఉరుకుతుంది, చెమట పడుతుంది. దాన్ని ఉరికించే రసం ఆ గ్రంథిలోదే. ఈ గడ్డ, పాము లేకుండానే ఆ రసాన్ని వదులుతోంది. నొక్కుడు పడితే ఇంకా ఎక్కువ వదులుతోంది. చాలా అరుదైన జబ్బు. సంగతి తెలియకుండా వేరే ఏ ఆపరేషన్‌కు మత్తు ఇచ్చినా ప్రాణం పోయేదట.

అనుమానమంతా ఈ గడ్డదే కాబోలని నాకు ఆశ పుట్టింది. గడ్డ తీసేస్తే అందరినీ అనుమానించే గుణం కూడా పోతుందా అని ఆయన్ను పక్కకు పిలిచి అడిగాను. ఆయన చాలాసేపు నవ్వాడు. "అది గడ్డలది కాదు సార్. అది మీరు భరించాల్సిందే," అన్నాడు.

ఆయనకూ ఒక అలవాటు ఉంది. ఒకటే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగేవాడు. ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా అని వచ్చినప్పుడు అడిగాడు, స్కాన్ చూస్తూ అడిగాడు, పోయేటప్పుడు ఇంకో రకంగా అడిగాడు. తెచ్చిన కాగితాలన్నీ ఉన్నా ఆ మూత్ర పరీక్ష తన దగ్గర మళ్ళీ చేయించాడు. నాకు విసుగొచ్చింది, ఈయనకు పని తెలుసా అనిపించింది. మా అత్త బయటికి వచ్చి మెట్ల మీద కూర్చొని కూతురితో అన్న మాట వేరు.

"ఈయన నన్ను నమ్మలే, కాయిదాలను నమ్మలే. గిసుంటోని చేతుల కడుపు కోపిచ్చుకోవచ్చు బిడ్డా."

ఆపరేషన్‌కు ముందు కొన్నాళ్ళు మాత్రలు వేసుకోవాలి. వాటి మోతాదు కొంచెం కొంచెంగా పెంచుతారు. ఆ రోజు నా భార్య మందుల దుకాణం దగ్గర ఉంది. గదిలో నేనూ అత్తే ఉన్నాం. సర్జన్ ఇద్దరికీ కలిపి చెప్పాడు. మాత్రలు పడటం మొదలయ్యాక ఉప్పు బాగా తినాలి, నీళ్ళు బాగా తాగాలి. ఇన్నాళ్ళు బిగుసుకుపోయిన రక్తనాళాలు మాత్రలతో వదులవుతాయి, అప్పుడు లోపల ఉన్న నీరు చాలదు. గడ్డను విడదీసిన క్షణంలో బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ఒంట్లో ఉప్పూ నీరూ ఉంటేనే నిలబడుతుంది. ఇది ఈమెకే, ఈ జబ్బుకే, ఇంకే బీపీ మనిషికీ చెప్పకండి అన్నాడు. రెండోసారి కూడా చెప్పాడు.

నేను విన్నాను. నమ్మలేదు.

మా నాన్న బీపీతో పక్షవాతం వచ్చి మంచాన పడి పోయాడు. ఉప్పు మానమని డాక్టర్ చెప్పినా దొంగతనంగా పచ్చడి తినేవాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఉప్పు డబ్బా పై అరలో ఉండేది. కూరలో ఉప్పు ఎక్కువైతే నేను కంచం ముందు నుంచి లేచిపోయేవాణ్ణి. అంత బీపీ ఉన్న మనిషికి ఉప్పు పెట్టమంటాడా? ఆస్పత్రి హడావుడిలో ఇంకెవరికో చెప్పాల్సింది మాకు చెప్పి ఉంటాడనుకున్నాను. ఫోన్ చేసి అడిగితే అయిపోయేది. అడగలేదు. పెద్ద డాక్టరుతో వాదించే ధైర్యం లేదు, ఆయన మాట వినే నమ్మకమూ లేదు. ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను: డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడని.

*

ఆ రోజుల్లో అత్త మా ఇంట్లోనే ఉంది, నాగర్‌కర్నూల్‌లో. నేను కోరుకున్నట్టే వచ్చింది, కానీ రోగిగా వచ్చింది. మాత్రలకు ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీల్చేది. మంచం మీది నుంచి లేస్తే కళ్ళు తిరిగి గోడ పట్టుకునేది. నా భార్య చప్పటి పప్పు వండేది. పొద్దుటి చాయ్, మధ్యాహ్నం మజ్జిగ మా ఇంట్లో మొదటి నుంచీ నా పనులు. మజ్జిగలో వేలి కొసకు అంటినంత ఉప్పు కూడా వేసేవాణ్ణి కాదు.

మొదటి రోజు ఆమె మజ్జిగ గుక్క నోట్లో పట్టి ఆగింది. మింగింది. నా వైపు చూడలేదు. చెంబు కింద పెట్టి, గోడకు చెప్పినట్టు, "గట్లనా?" అంది.

అంతే. కూతురికి చెప్పలేదు. డాక్టరు ఏమన్నాడో ఆమె కూడా విన్నదే కదా, అడుగుతుందని రెండు రోజులు చూశాను. అడగలేదు. ఆమెకు గుర్తులేదేమో, అర్థం కాలేదేమో అని ధైర్యం తెచ్చుకున్నాను. పైగా ఆమె మీద నా అనుమానం ఆగలేదు. మాటిమాటికీ వంటింట్లోకి పోయి వస్తోంది. బిందెలో నీళ్ళు తొందరగా అయిపోతున్నాయి. మా నాన్నలాగే పచ్చడి దొంగతనంగా తింటోందనుకొని మామిడికాయ జాడీని బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆపరేషన్ కోసం చేర్చిన రోజు సర్జన్ పడుకోబెట్టి బీపీ చూశాడు, నిలబెట్టి చూశాడు. ఉప్పు తింటున్నారా, నీళ్ళు తాగుతున్నారా అని నన్ను అడిగాడు. ఇస్తున్నామని చెప్పాను. ఆయన, అలవాటు ప్రకారం, అదే ప్రశ్న ఆమెను అడిగాడు. మా అత్త నన్ను చూసింది. ఇప్పుడు చెప్పేస్తుందనుకున్నాను.

"తిన్న సారూ. మంచిగ తిన్న," అంది.

నన్ను కాపాడటానికి అబద్ధం ఆడింది అనుకున్నాను. పాడు బుద్ధి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

మరుసటి పొద్దున ఆస్పత్రి బట్టలు కట్టారు. తలుపు దాకా చక్రాల మంచం వెంట నడిచాం. నా భార్య ఏడుస్తోంది. అత్త విప్పిన చీరను మడత పెట్టి పొట్ట మీద పెట్టుకొని ఉంది. కూతురు అందుకోబోతే ఇవ్వలేదు. నా వైపు తిరిగింది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె నా ముఖం చూసి నేరుగా మాట్లాడటం అదే మొదటిసారి.

"నా బట్టలు మీరే పట్టుకోండ్రి. ఎవలకియ్యకుండ్రి."

తలుపు మూసుకుంది. నా భార్య మొక్కుకోవడానికి కింద దేవుడి పటం దగ్గరికి వెళ్ళింది. నేను బెంచీ మీద కూర్చున్నాను. చీర కొంగు చివర గట్టి ముడి తగిలింది. నగా, తాయెత్తా, ఎవరికీ ఇవ్వొద్దన్నది దీన్నేనా అని అనుమానపడి విప్పాను. తెగిన పోగుకు వేసే ముడి అది. విప్పడానికి గోళ్ళు నొప్పి పుట్టాయి.

దొడ్డుప్పు. రాళ్ళ ఉప్పు పిడికెడు. తడి తగిలి కొంగు గట్టిపడి ఉంది. ఆ గుడ్డ మీద ఎన్నోసార్లు ముడి వేసి విప్పిన ముడతలు. మా వంటింటి పై అర డబ్బాలో ఉన్నది సన్న ఉప్పు. ఇది గద్వాలది. మొదటి చప్పటి మజ్జిగ తర్వాత తెప్పించుకుందో, రాకముందే నన్ను అనుమానించి తెచ్చుకుందో నాకు ఇప్పటికీ తెలియదు.

మాటిమాటికీ వంటింట్లోకి ఎందుకు పోయిందో, బిందె ఎందుకు ఖాళీ అయిందో అప్పుడు తెలిసింది. తిన్న అన్నది అబద్ధం కాదు. కానీ ఎంత తిన్నది? చాలినంతా? చాలకపోతే లోపల ఆమె ప్రాణం పోతుంది, అది నా మజ్జిగ వల్ల పోతుంది. లేచి ఆ తలుపు తట్టి, సర్జన్‌ను పిలిచి, అయ్యా నేను ఉప్పు పెట్టలేదు, ఆమె దొంగతనంగా తిన్నది మాత్రమే ఒంట్లో ఉంది అని చెప్పాలి. తలుపు దాకా వెళ్ళాను. చెయ్యి ఎత్తాను. నా భార్య మెట్లెక్కి వస్తున్న చప్పుడైంది. చెయ్యి దించి, వెనక్కి వచ్చి కూర్చొని, ముడి మళ్ళీ వేయడానికి చూశాను. ఆ ముడి నాకు రాలేదు. కొంగును లోపలికి మడిచి, చీరను ఒళ్ళో పెట్టుకొని గట్టిగా పట్టుకున్నాను.

మధ్యాహ్నం సర్జన్ బయటికి వచ్చాడు. గడ్డ మొత్తంగా వచ్చిందన్నాడు. ముట్టుకున్నప్పుడు బీపీ ఎగిరిందట, దాని నరం కట్టేశాక అనుకున్నట్టే పడిందట. కానీ తొందరగా నిలబడింది.

"ఉప్పు, నీళ్ళు మంచిగ పట్టించినరు. చాలామంది భయపడి మానేస్తరు. మంచిగ చూసుకున్నరు సార్," అని నా భుజం తట్టాడు.

నా భార్య నా వైపు కృతజ్ఞతగా చూసింది. నేను తల ఊపాను.

*

తర్వాత ఆమెకు ఆ జబ్బు రాలేదు. మళ్ళీ మగ్గం ఎక్కింది. మా ఇంటికి వచ్చి ఉండమని నేను మరి అడగలేదు. సర్జన్ చెప్పినట్టే అనుమానం మాత్రం తగ్గలేదు. తీసిన గడ్డను చూపించలేదని, అసలు తీశారో లేదోనని ఏడాది పాటు అంది. పరీక్షకు పోయినప్పుడల్లా ఆ సర్జన్‌నే అడిగింది. ఆయన ప్రతిసారీ ఓపిగ్గా ఫోటో చూపించేవాడు. అది ఇంకెవరిదైనా కావచ్చు కదా అనేది.

నేను గద్వాల వెళ్ళి అన్నానికి కూర్చుంటే, ఆమె గిన్నెలో దొడ్డుప్పు తెచ్చి నా కంచం పక్కన పెట్టేది. లోపలికి పోతూ కూతురితో అనేది: "మీ ఆయనకు ఉప్పు సాలిందో లేదో అడుగు బిడ్డా." ప్రతిసారీ అనేది. అందరికీ అది మామూలు మర్యాద. నేను చాలిందత్తా అనేవాణ్ణి. చీర నా చేతికే ఎందుకు ఇచ్చింది? నా మీద నమ్మకంతోనా, ముడి విప్పి చూసుకొమ్మనా? అడిగి ఉంటే ఆమె మగ్గానికైనా జవాబు చెప్పేది. ఎన్నోసార్లు గుమ్మం దాకా వచ్చి, ఎండ ఎట్లా ఉందో మాట్లాడి వెళ్ళిపోయాను. ఈ చలికాలంలో నాలుగు రోజుల జ్వరంతో ఆమె పోయింది.

*

కాకులు ఇంకా ముట్టలేదు. నేను లేచి ఆకు దగ్గరికి వెళ్ళాను. మజ్జిగలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. చప్పగా ఉంది. ఇన్నేళ్ళ తర్వాత, ఈ పొద్దున కూడా, నా చెయ్యి ఉప్పు మరిచిపోయింది.

ఎవరింట్లోనైనా దొడ్డుప్పు ఉంటే తెమ్మన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు, పిట్ట ముట్టకపోతే ఏదైనా చేస్తారు. ముసలాయన మనవరాలు ఉరికి తెచ్చింది. పిడికెడు తీసి ముంతలో వేసి, వేలితో కలిపి, వెనక్కి వచ్చాను. ఒక కాకి దిగింది. ముంతలో ముక్కు ముంచి, తల ఎత్తి, ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత మళ్ళీ ముంచింది. అందరూ అమ్మయ్య అనుకొని లేచారు.

ఇంటికి నడుస్తుంటే నా భార్యను వెనక ఆపి చెప్పేశాను. డాక్టరు అన్నది ఒకటి, నేను చెప్పింది ఒకటి అని. నీ చేత చప్పటి పప్పు వండించింది నేనని. కొంగులో ఉప్పు చూసి కూడా తలుపు తట్టలేదని. ఆ రోజు నువ్వు నన్ను చూసిన చూపుకు తల ఊపానని. ఆమె నడుస్తూనే విన్నది. అంతా అయ్యాక, తల్లి గొంతుతోనే, చివర పైకి లేపి, "గట్లనా?" అంది.

కొంచెం దూరం నడిచాక మళ్ళీ తనే అంది.

"అమ్మ నాకు అప్పుడే చెప్పింది. కుట్లు ఎండకముందే."

ఏం చెప్పిందని అడిగాను. అడగడానికి భయమేసింది.

"మీ ఆయన చెడ్డోడు గాదు బిడ్డా, భయపడెటోడు. భయపడెటోడు కలిపింది ఏదైనా, జర నాలికె మీద పెట్టుకొని సూసి మింగు, అన్నది."

ఆమె ముందుకు నడిచింది. నేను దారి మధ్యలో నిలబడిపోయాను. పొద్దుటి చాయ్ రోజూ నేనే పెట్టి ఇస్తాను. ఆమె మొదటి గుక్క నోట్లో పట్టుకొని కొంచెం ఆగుతుంది, తర్వాత మింగుతుంది. వేడి చూసుకుంటుందేమో అనుకునేవాణ్ణి.